టెక్సాస్‌లో ఉన్న అమ్మాయి

శనివారం తెల్లవారుతుండగా స్మృతి కిందికి దిగేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. నరసింహ స్టవ్ దగ్గర నిలబడి పాలు పొంగిపోకుండా కాపలా కాస్తున్నాడు. కౌంటర్ మీద రెండు స్టీలు గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. ఫిల్టర్ నుంచి డికాషన్ దిగిన వాసన మెట్ల దాకా వచ్చింది.

కూతురు ఇంటికొచ్చి మూడు వారాలవుతోంది. ఆమె చీకటితోనే లేస్తుందని రెండోరోజే కనిపెట్టాడు నరసింహ. అప్పటినుంచి ఆమెకంటే ముందే లేచి కాఫీ పెట్టడం మొదలుపెట్టాడు.

"రోజూ నాకోసం లేవక్కర్లేదు నాన్నా," అంది స్మృతి గ్లాసు అందుకుంటూ.

"నీకోసం ఎవరు లేచారు? ఈమధ్య నాకే నిద్ర పట్టడం లేదు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. సెలవురోజు తొమ్మిదింటి దాకా దుప్పటి తీయని మనిషి అతను. స్మృతి నవ్వి ఊరుకుంది. ఇద్దరూ ఇంటి వెనకవైపు చెక్క డెక్ మీదకెళ్ళి కూర్చున్నారు. క్యారీ ఊళ్ళో ఆ ఇంటి వెనకంతా పైన్ చెట్లే. వాటి మధ్యనుంచి వెలుతురు రావడం చూస్తూ కాఫీ తాగారు. పెద్దగా మాట్లాడుకోలేదు. మాట్లాడకపోయినా ఇద్దరికీ ఆ కాసేపు చాలా ఇష్టం.

స్మృతి పెరిగింది ఈ ఇంట్లో కాదు. చికాగో పక్కన నేపర్‌విల్‌లో. హైస్కూలు అయ్యాక తండ్రి మాట మీద కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో చేరింది. ఒక సెమిస్టర్ గడిచేసరికి ఆ క్లాసుల్లో తను ఎందుకు కూర్చుందో తనకే అర్థం కాలేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆర్మీలో చేరిపోయింది. ఆ వార్త విన్నాక నరసింహ కొన్నాళ్ళు కూతురితో మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. తిన్నావా, నిద్రపోతున్నావా, అక్కడ చలిగా ఉందా అని అడిగేవాడు. అక్కడ ఏం చేస్తున్నావని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమె చేసింది మెడిక్ పని. దెబ్బ తగిలినవాళ్ళ దగ్గరికి అందరికంటే ముందు చేరి, డాక్టరు చేతికి అప్పగించేదాకా ప్రాణం నిలబెట్టాలి. ఆ పనిలో ఐదేళ్ళు గడిచాయి. ఈలోగా నరసింహకి రీసెర్చ్ ట్రయాంగిల్ అనే కంపెనీల ప్రాంతంలో మంచి ఉద్యోగం వచ్చి, భార్య జయంతితో కలిసి నార్త్ కరోలినాలోని క్యారీకి మారిపోయాడు. సర్వీసు ముగించుకుని స్మృతి తిన్నగా ఇక్కడికే వచ్చింది. దగ్గర్లోనే ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలో నర్సింగ్‌లో సీటు కూడా తెచ్చుకుంది.

చిక్కు ఒక్కటే మిగిలింది. ఆమె ఈ రాష్ట్రంలో అడుగుపెట్టి నెల కూడా కాలేదు కాబట్టి యూనివర్సిటీ ఆమెని బయటి రాష్ట్రం విద్యార్థి కింద లెక్కేసింది. బయటివాళ్ళకి ఫీజు ఎన్నో రెట్లు. మామూలుగా అయితే ఇక్కడ ఏడాదిపాటు నివాసం ఉంటేనే ఈ రాష్ట్రం వాళ్ళుగా ఒప్పుకుంటారు. మీ విషయంలో ఇంకేదైనా ఆధారం ఉంటే సోమవారం వచ్చి కలవండి అని ఆఫీసువాళ్ళు కబురు పంపారు.

జయంతి లేచి దోసెలు పోస్తుండగా ఆ మాట వచ్చింది. నరసింహ అప్పటికే దారి ఆలోచించి పెట్టుకున్నాడు.

"ఇందులో తల బద్దలు కొట్టుకోవడానికేముంది? నీకింకా ఇరవై నాలుగు నిండలేదు, ఆ లోపు వాళ్ళని తల్లిదండ్రుల కిందే లెక్కేస్తారు. నేనూ మీ అమ్మా నాలుగేళ్ళుగా ఇక్కడే ట్యాక్స్ కడుతున్నాం. మా అమ్మాయివి, మా మీద డిపెండెంట్‌వి అని చెబితే అయిపోతుంది. సోమవారం నేనే వచ్చి మాట్లాడతాను."

"వెటరన్స్‌కి వేరే రూల్ ఉంది నాన్నా," అంది స్మృతి. "ఆర్మీలో చేసి వచ్చినవాళ్ళు వన్ ఇయర్ వెయిట్ చెయ్యక్కర్లేదు. ఈ స్టేట్‌లో ఉంటున్నామని చూపిస్తే చాలు, ఇన్‌స్టేట్ ఫీజే. అది నాకు వస్తుంది. నేను ఎర్న్ చేసుకున్నాను కదా."

"తేలికైన దారి ఉండగా ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా?"

'అవన్నీ' అన్న మాట దగ్గర స్మృతి చెయ్యి ఆగింది. తండ్రి ముఖంలోకి చూసింది. అతను చట్నీ గిన్నె ఆమెవైపు జరిపి, ఇంకో దోసె వేయించుకోమన్నాడు. జయంతి పెనం మీద నీళ్ళు చిలకరించింది. స్మృతి ఆ మాటని అక్కడితో వదిలేసి దోసె వేయించుకుంది.

మర్నాడు ఆదివారం శేషగిరి, గిరిజ భోజనానికి వచ్చారు. క్యారీకి మారాక నరసింహ వాళ్ళకి దొరికిన మొదటి స్నేహితులు వాళ్ళే. రెండు వీధుల అవతలే ఇల్లు. పండగలు, పుట్టినరోజులు అన్నీ కలిసే జరుపుకుంటారు. గిరిజ నరసింహని అన్నయ్య గారూ అనీ జయంతిని వదినా అనీ పిలుస్తుంది. స్మృతి సెలవుమీద ఇంటికొచ్చిన రెండుసార్లూ వాళ్ళు ఊళ్ళో లేరు. కాబట్టి ఆమెని ఇదే చూడటం.

గిరిజ లోపలికి వస్తూనే స్మృతిని దగ్గరికి తీసుకుంది. ఎండకి కమిలిన బుగ్గలు చూసి, హాస్టల్ తిండి తిని చిక్కిపోయావంది. పప్పులుసు వడ్డిస్తుంటే తనే గిన్నె లాక్కుని స్మృతి కంచంలో ముందు వేసింది. కబుర్లు నడుస్తున్నాయి. మధ్యలో గిరిజ గొంతు తగ్గించి, స్మృతి చేతిమీద చెయ్యి వేసింది.

"మెడిసిన్ మధ్యలో ఆపేశానని మనసులో పెట్టుకోకు తల్లీ. టెక్సాస్‌లో ఐదేళ్ళు కష్టపడ్డావు. అందరికీ అది పడాలని లేదు. నర్సింగ్ మాత్రం తక్కువా ఏంటి? మా తమ్ముడి కూతురు కూడా ఇలాగే మధ్యలో మానేసి ఇప్పుడు హాయిగా ఉంది."

స్మృతికి ఒక్క క్షణం ఆ మాటలు ఎవరి గురించో అర్థం కాలేదు. అర్థమయ్యాక తండ్రివైపు చూసింది. నరసింహ తల దించుకుని అన్నంలో పులుసు కలుపుకుంటున్నాడు. ఎంతసేపటికీ ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు. జయంతి మంచినీళ్ళ కోసం లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కమాట చెబితే అక్కడికక్కడ అంతా బయటపడిపోయేది. స్మృతి ఆ మాట చెప్పలేదు.

"ఫర్వాలేదు ఆంటీ," అంది మెల్లగా. "నేను ఓకే."

శేషగిరి తన కంపెనీలో జరిగిన లేఆఫ్‌ల గురించి మొదలుపెట్టాడు. నరసింహ ఊ కొడుతూ కూర్చున్నాడు. పాయసం తిని, కాసేపు క్రికెట్ మాట్లాడుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. గిరిజ వెళ్తూ వెళ్తూ స్మృతిని మళ్ళీ ఒకసారి కావిలించుకుని, ఎప్పుడు తోస్తే అప్పుడు ఇంటికి రమ్మంది.

తలుపు మూసుకున్నాక స్మృతి గిన్నెలన్నీ సింకులో వేసి కడగడం మొదలుపెట్టింది. నరసింహ వచ్చి పక్కన నిలబడి, కడిగినవి తుడిచి సర్దుతున్నాడు.

"నేను ఎక్కడున్నాను నాన్నా, ఈ ఐదేళ్ళు?" అంది స్మృతి అతనివైపు చూడకుండా.

"మనవాళ్ళ సంగతి నీకు తెలీదమ్మా. ఆర్మీ అంటే ఒకటికి పది అడుగుతారు. చదువు రాక వెళ్ళిందంటారు, ఇంట్లో గొడవలంటారు. రేపు నీ పెళ్ళి విషయంలో కూడా..."

"అందుకని నన్ను తీసేశావా?"

"తీసెయ్యడమేంటి? మెడికల్ ట్రైనింగ్‌లో ఉందని చెప్పాను. అది నిజమే కదా. వాళ్ళే మెడిసిన్ అనుకున్నారు."

"మరి నువ్వు కాదని ఎందుకు చెప్పలేదు?"

స్మృతి పంపు కట్టేసి చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు పెరగలేదు. చిన్నప్పుడు కోపం వస్తే ఇల్లు పీకి పందిరేసే పిల్ల ఇంత నెమ్మదిగా మాట్లాడుతుంటే నరసింహకి భయం వేసింది.

"నేను లీవ్‌లో వచ్చినప్పుడు నువ్వు నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. అన్నీ ఇంట్లోనే వండి పెట్టావు. గుత్తివంకాయ, బొబ్బట్లు. నాన్నకి నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాను. ఎవరికీ కనపడకూడదని ఉంచావు కదా?"

"ప్రేమ కాదంటావా?"

"అది కూడా ప్రేమేమో. నాకు తెలీదు." ఆమె తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. "రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. డిపెండెంట్ అని రాయను. సర్వీస్ చేసినవాళ్ళు ఏ ఏజ్‌లో ఉన్నా పేరెంట్స్ మీద డిపెండెంట్ కాదు. రూల్ అదే. నేను ఇండిపెండెంట్."

నరసింహ చేతిలో ఉన్న గిన్నె కౌంటర్ మీద పెట్టేశాడు. "రూల్ రాస్తే నువ్వు నా కూతురివి కాకుండా పోతావా?"

"నీ కూతురు అని వెళ్తే ఆ ఐదేళ్ళు ఉండవు నాన్నా. నువ్వు అలాగే చేశావు. ఆ ఐదేళ్ళు ఉన్నాయని ఆ రూల్ ఒక్కటే అంటోంది."

అంతే అంది. మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయింది. నరసింహ తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం జయంతి పైకి వెళ్ళింది. స్మృతి మంచం మీద కూర్చుని ఫోన్‌లో క్యాంపస్ దగ్గర అద్దెగదులు చూస్తోంది. ఆ రూలుకి ఫలానా ఇంట్లోనే ఉండాలని లేదు. రాష్ట్రంలో ఎక్కడున్నా చాలు. కూతురు వెళ్ళిపోవాలనుకుంటోందని జయంతికి అడగకుండానే తెలిసిపోయింది. వచ్చి పక్కన కూర్చుంది. కూతురి కళ్ళలోకి చూడలేక కిటికీవైపు చూస్తూ మాట్లాడింది.

"నా మీద కూడా కోపం తెచ్చుకో. నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను."

స్మృతి ఫోన్‌లోంచి తలెత్తింది.

జయంతి చెప్పడం మొదలుపెట్టింది. స్మృతి ఆర్మీలో చేరిన కొత్తల్లో ట్రైనింగ్ నిజంగానే టెక్సాస్‌లో జరిగింది. అప్పుడు ఎవరడిగినా నరసింహ టెక్సాస్‌లో ఉందనే చెప్పేవాడు. అందులో దాపరికం లేదు. ఆ తర్వాత ఆమెని కువైట్ పంపారు. అప్పటికి వాళ్ళు క్యారీకి మారారు. ఒకరోజు ఆ ప్రాంతంలో ఏదో సైనిక స్థావరం మీద దాడి జరిగిందని టీవీలో వచ్చింది. ఏ స్థావరమో, ఎవరికేమైందో చెప్పలేదు. స్మృతికి ఫోన్ కలవలేదు. సరిగ్గా ఆరోజే శేషగిరి వాళ్ళ గృహప్రవేశం. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళారు. అక్కడ గిరిజ పళ్ళెంలో వడ్డిస్తూ, మీ అమ్మాయి ఎక్కడుందన్నయ్య గారూ అని మామూలుగా అడిగింది.

"మీ నాన్నకి మాట రాలేదు. చేతిలో పళ్ళెం ఒరిగి చారు ఒలికింది. చివరికి, టెక్సాస్‌లో ఉందమ్మా, పరీక్షలు అన్నారు. ఆ మాట అన్నాక ఆయనకి ఊపిరి అందింది. నేను చూశాను. ఆ తర్వాత మిగిలినవాళ్ళు అడిగినా అదే చెప్పారు. నీ కాలేజీ గురించి కూడా చెప్పారు. నవ్వుతూ చెప్పారు."

స్మృతి ఫోన్ పక్కన పెట్టింది.

"మర్నాడు నువ్వు ఫోన్ చేశావు, నీకేం కాలేదన్నావు. కానీ ఆయన మాత్రం నిన్ను టెక్సాస్‌లోనే ఉంచేశారు. నువ్వు కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరైనా అడగాలి, ఆయన నీ పరీక్షల గురించి చెప్పాలి. పరీక్షలు రాసే పిల్లకి ఏమవుతుంది? మహా అయితే మార్కులు తగ్గుతాయి. మాటవరసకి పరువు అంటున్నారు కానీ, అది కాదమ్మా. పరువు కోసమైతే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ అబద్ధం లేకపోతే ఆ మనిషి నిలబడేలా లేరు. అందుకని ఊరుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు అమ్మా?"

"ఏమని చెప్పను? అక్కడ నువ్వు ఎలా ఉన్నావో నాకు తెలీదు. ఇక్కడ మీ నాన్న ఇలా ఉన్నారని చెప్పి నిన్ను ఇంకా బెంగపెట్టుకోమనా?"

స్మృతి తల్లి భుజం మీద తల ఆనించింది. కోపం పోలేదు. కానీ దాని కిందనుంచి ఇంకేదో పైకి వస్తోంది. తండ్రి ఆదివారం ఫోన్లు గుర్తొచ్చాయి. తిన్నావా, చలిగా ఉందా. ఎడారిలో ఉన్న కూతురిని చలిగా ఉందా అని అడిగేవాడు. ఆమె అప్పట్లో నవ్వుకునేది, నాన్నకి మ్యాప్ తెలీదని.

సోమవారం పొద్దున్న స్మృతి కారు తాళాలు తీసుకునేసరికి నరసింహ ఆఫీసు బట్టల్లో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

"నేను కూడా రావచ్చా?" అన్నాడు.

ఏ విషయంలోనైనా వస్తున్నాను అనడమే తప్ప రావచ్చా అని అడగడం అతనికి అలవాటు లేదు. స్మృతి తల ఊపింది. స్మృతి డ్రైవ్ చేసింది. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడల్లా నరసింహ ఏదో అనబోయి మానేశాడు.

వెటరన్స్ వ్యవహారాలు చూసే ఆఫీసు క్యాంపస్‌లో పాత ఇటుకల భవనంలో ఉంది. లోపల నడివయసు ఆవిడ ఒకరు చాలా మర్యాదగా కూర్చోబెట్టింది. తనూ ఒకప్పుడు నేవీలో చేశానంది. స్మృతి సర్వీసు కాగితం చూసి, ఏయే ఊళ్ళలో పనిచేసిందో అడిగింది. ఇద్దరూ కాసేపు నరసింహకి అర్థంకాని పొట్టి మాటలతో మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. తన కూతురు అంత తేలిగ్గా నవ్వడం ఈ మూడు వారాల్లో అతను చూడలేదు.

తర్వాత ఆవిడ విషయం విడమరచి చెప్పింది. ఇక్కడ రెండు దారులున్నాయి. తల్లిదండ్రులు ఈ రాష్ట్రం వాళ్ళు కాబట్టి వాళ్ళమీద ఆధారపడ్డ అమ్మాయిగా ఒప్పుకోమని అడగవచ్చు, కానీ సర్వీసు చేసినవాళ్ళని స్వతంత్రులుగానే చూస్తారు కాబట్టి అది తిరిగి తిరిగి ఆలస్యమవుతుంది. రెండోది, వెటరన్‌గా అడగడం. దానికి సర్వీసు కాగితం ఉంది. ఆమె ఇప్పుడు ఈ రాష్ట్రంలోనే ఉంటున్నట్టు తెలిస్తే చాలు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఏవీ ఆమె పేరు మీద లేవు కాబట్టి ఆ ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆ మాట చెప్పాలి.

ఆవిడ నరసింహవైపు తిరిగింది. మీరు ఆమెకి ఏమవుతారు అని ఇంగ్లీషులో అడిగింది.

నరసింహ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఉద్యోగంలో పెద్ద పెద్ద మీటింగుల్లో తడుముకోకుండా మాట్లాడే మనిషి. ఇప్పుడు ఒక్కొక్క మాటా కూడదీసుకుని, ఆవిడ భాషలోనే చెప్పాడు.

"నేను ఆమె తండ్రిని. మా అమ్మాయి ఐదేళ్ళు ఆర్మీలో పనిచేసింది. మెడిక్. కువైట్ వెళ్ళింది." మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "తిరిగొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది. ఆమె పేరు మీదే రాయండి. నా పేరు అక్కర్లేదు."

స్మృతి తండ్రిని చూడలేదు. ఎదురుగా గోడమీదున్న గడియారంవైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, ఇంకేం ఇబ్బంది ఉండదని చెప్పింది. లేచేటప్పుడు నరసింహ చెయ్యి పట్టుకుని, ఇంటి దగ్గర ఎదురుచూసే మీలాంటివాళ్ళకి కూడా అది తేలికైన కాలం కాదని నాకు తెలుసు అంది. నరసింహ తల ఊపాడు.

బయటికొచ్చాక తాళాలు అతను అడిగి తీసుకున్నాడు. తిరుగుదారిలో కారు తమ వీధి దగ్గర తిప్పకుండా ముందుకు పోనిచ్చాడు. ఎక్కడికని స్మృతి అడిగితే చెప్పలేదు. శేషగిరి వాళ్ళింటి ముందు ఆపాడు.

ఆ రోజు శేషగిరి ఇంటినుంచే పనిచేస్తున్నాడు. గిరిజ తలుపు తీసి, ఇద్దరినీ ఆ వేళప్పుడు చూసి కంగారుపడింది. లోపలికి రమ్మని కూర్చోబెట్టి భర్తని కేకేసింది. నరసింహ కూర్చోలేదు. సోఫా వెనక నిలబడి, దాని అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"శేషగిరీ, మా స్మృతి మెడిసిన్ చదవలేదు. ఆర్మీలో చేసింది. నాలుగేళ్ళుగా మీకు అబద్ధం చెప్పాను. తను తప్పేమీ చెయ్యలేదు. నాకు ధైర్యం లేక చెప్పాను."

శేషగిరి అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఏదో పెద్ద ప్రమాదం చెబుతాడనుకుని పరిగెత్తుకొచ్చిన మనిషి, మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"నాలుగేళ్ళు," అన్నాడు చివరికి. "మా అమ్మ పోయినప్పుడు పదిరోజులు నా పక్కనే కూర్చున్నావు. నీకు అంత భయం ఉంటే నా దగ్గర కూర్చోడానికి నీకేమైంది? అంత పరాయివాణ్ణా?"

శేషగిరి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, బలవంతంగా సోఫాలో కూర్చోబెట్టాడు.

గిరిజ మాత్రం వాళ్ళిద్దరినీ పట్టించుకోలేదు. వచ్చి స్మృతి పక్కన కూర్చుంది. నిన్న భోజనాల దగ్గర తను అన్న మాటలన్నీ గుర్తొచ్చి ఆమె ముఖం ఎర్రబడింది. క్షమించమని అడగబోయి, దానికంటే ముందు ఇంకొకటి అడిగింది.

"అక్కడ నీకు భయం వెయ్యలేదా తల్లీ?"

మూడు వారాల్లో తమ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అంతకుముందు ఐదేళ్ళ ఫోన్లలో కూడా ఎవరూ అడగలేదు. స్మృతి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నరసింహ చూపు నేలమీద ఉంది. మామూలుగా ఇలాంటి చోట అతను లేచి వెళ్ళిపోయేవాడు. కాఫీ పెడతాననో, ఫోన్ వచ్చిందనో అనేవాడు. ఈసారి కదల్లేదు.

"వేసింది ఆంటీ. చాలాసార్లు," అంది స్మృతి. "కానీ ఎక్కువ భయం వేసింది అటాక్ అప్పుడు కాదు. ఒక మనిషి దగ్గర."

ఆమె తెలుగు తడబడుతూ వచ్చింది. మాట దొరకనిచోట ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ బేస్‌లో వంటశాలలో, గోడౌన్లలో పనిచేయడానికి బయటి దేశాలనుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉండేవారు. ఒక మధ్యాహ్నం గోడౌన్‌లో సామాను కూలి ఒకతని మీద పడింది. ఆమె వెళ్ళేసరికి అతను కేకలు పెడుతున్నాడు. ఏ భాషో ఎవరికీ తెలియలేదు. ఎక్కడ నొప్పో చెప్పమంటే చెప్పలేకపోతున్నాడు. చెయ్యి వేయనివ్వడం లేదు.

"అతను తెలుగులో ఏడుస్తున్నాడు ఆంటీ. అమ్మా అమ్మా అని. రాయచోటి దగ్గరంట. నేను తెలుగులో మాట్లాడాను. నా తెలుగు అంత బాగుండదు కదా, అయినా మాట్లాడాను. ఏం కాదు బాబాయ్, నేనున్నాను, కాలు కదపకు అని. అతను వెంటనే సైలెంట్ అయిపోయాడు. నన్ను చూశాడు. ఆ డ్రెస్‌లో, హెల్మెట్‌లో. చూసి అడిగాడు, ఎవురి బిడ్డవు తల్లీ నువ్వు అని."

గిరిజ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేమన్నావు?" అని అడిగాడు నరసింహ. అంతసేపటికి అతని నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

స్మృతి తండ్రివైపు తిరిగింది.

"నరసింహ గారి అమ్మాయిని అన్నాను. అతనికి నువ్వెవరో తెలీదు నాన్నా. కానీ అట్నా, సరే అన్నాడు, నువ్వు పక్కింట్లో ఉన్నట్టు. నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు కట్టు కట్టనిచ్చాడు."

నరసింహ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. శేషగిరి పక్కనే కూర్చుని ఉన్నాడు, ఓదార్చే ప్రయత్నం చెయ్యలేదు. స్మృతి లేచి వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని అతని మోకాలి మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు నేపర్‌విల్‌లో మంచు పడే రోజుల్లో అతను ఆఫీసునుంచి రాగానే అలాగే కూర్చునేది.

కొంతసేపటికి అతను ముఖం తుడుచుకున్నాడు. ఆఫీసునుంచి వరుసగా ఫోన్ వస్తుంటే తీసి, చూడకుండానే కట్టేశాడు.

"తర్వాతేమైంది?" అన్నాడు. "అతను బతికాడా?"

"బతికాడు నాన్నా. కాలు మాత్రం..." ఆమె ఆగింది. "అది పెద్ద స్టోరీ. నువ్వు వినగలవా?"

"చెప్పమ్మా," అన్నాడు నరసింహ, కూతురి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని. "మొదటినుంచి చెప్పు."